కారు అలారం ఆరేళ్లు వాడాక

2018లో కారు కొన్నప్పుడు యాక్సెసరీస్ షాపులో సైరన్ అలారం పెట్టించాను. రిమోట్, సెంట్రల్ లాక్ ఇప్పటికీ బాగా పనిచేస్తున్నాయి. బాధంతా కుదుపు తగిలితే అలారం మోగించే షాక్ సెన్సర్‌తోనే. బానెట్ మీదికి పిల్లి దూకినా, వీధిలో టిప్పర్ వెళ్లినా, ఉరిమినా మోగేది. దీపావళి వస్తే రాత్రి ఐదారుసార్లు కిందికి దిగాల్సిందే. ఇన్నేళ్లలో దొంగను పట్టించింది లేదు. రోజూ మోగే బండి కదా అని మా అపార్ట్‌మెంట్లో ఎవరూ తొంగి చూడడం కూడా మానేశారు.

2024 శ్రావణంలో పెళ్లికి ఊరెళ్లాం. ఆ రాత్రి వానకి రెండింటికి మొదలైన మోత తెల్లారేదాకా ఆగి ఆగి వచ్చిందట. మూడో అంతస్తులో బాలింత ఉంది. వాళ్లమ్మగారు ఫోన్ చేసి, "బాబూ, పసివాడు ఉలిక్కిపడి ఏడుస్తున్నాడు, తాళం ఎవరికైనా ఇచ్చి వెళ్లావా?" అని అడిగారు. తాళం నా జేబులో ఉంది. ఆ గొంతు నాకింకా గుర్తే. చివరికి ఎవరో 100కి ఫోన్ చేశారు. నేను తిరిగొచ్చాక పోలీసులు పిలిచి, గట్టిగా చెప్పి పంపారు.

జరిమానా పడలేదు గానీ, పడితే ఎంతో అప్పుడే తెలుసుకున్నాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. మోత అంతకంటే 10 డెసిబెల్స్ గానీ ఇంకా గానీ ఎక్కువైతే ఫిర్యాదు చేయొచ్చు. నా సైరన్ డబ్బా మీద 120 అని గొప్పగా అచ్చేశారు! భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షన్ కింద పబ్లిక్ న్యూసెన్స్‌కి 1,000 రూపాయల దాకా జరిమానా. పాత ఐపీసీలో అది 200. మోటారు వాహన చట్టంలోని 10,000 జరిమానా గురించి చాలామంది చెప్తారు, కానీ ఆ 190(2) సెక్షన్ రోడ్డు మీద నడిపే బండి గురించి. న్యూయార్క్ నగరంలో కారు అలారం 3 నిమిషాల్లో దానంతటదే ఆగిపోవాలి. నాకు ఆ పద్ధతే నచ్చింది. వెయ్యి రూపాయలు కట్టినా ఆ పసివాడి నిద్ర తిరిగి రాదు కదా.

సెన్సర్ మీద చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పితే చిన్న కుదుపుకే మోగడం తగ్గుతుంది. ఈ సంగతి షాపువాళ్లు నాకు ఒక్కసారీ చెప్పలేదు. కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందే దాన్ని చూపించమనండి. నేనైతే సైరన్ వైరే తీయించేశాను. అసలు తాళం లేనిదే ఇంజన్ స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్, స్టీరింగ్ లాక్ ఉన్నాయి, నాకవి చాలు.