వెనక అద్దంలో పన్నెండేళ్లు, రెండుసార్లు

సియాటిల్ రాక్ బ్యాండు పెర్ల్ జామ్ పాటల సంకలనం ‘రియర్‌వ్యూమిరర్’ నా దగ్గర చేరింది 2006 చలికాలంలో. ఉద్యోగానికి సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్ వచ్చిన కొత్త. సియాటిల్‌లో పాత సీడీలు అమ్మే కొట్లో కనిపిస్తే తీసుకున్నాను. ఆ ఊళ్లో పుట్టిన సంగీతం ఆ ఊళ్లోనే వినాలన్న ఉబలాటమే తప్ప, గ్రంజ్ అనే ఆ ఊరి రాక్ బాణీలో అప్పటికి నాకు తెలిసింది నిర్వాణ బ్యాండు ఒక్కటే. తొమ్మిదేళ్ల తర్వాత నా అప్పటి కారు అమ్మేసేదాకా, ఈ రెండు డిస్కుల్లో ఏదో ఒకటి దాని ప్లేయర్లో ఉండేది.

1991 నుంచి 2003 దాకా చేసిన పాటల్లోంచి 33 ఏరి, ఎపిక్ రికార్డు కంపెనీ 2004 నవంబరులో విడుదల చేసిన సంకలనం ఇది. మొదటి డిస్కు ‘అప్ సైడ్’, రెండోది ‘డౌన్ సైడ్’. ఉరికే పాటలన్నీ ఒక దాంట్లో, నెమ్మది పాటలన్నీ ఇంకో దాంట్లో. అన్నం ఒక పూట, కూరలు ఇంకో పూట వడ్డించినట్టుందని మొదట్లో విసుక్కున్నాను. ఇందులోని కిటుకు తెలియడానికి నాకు చాలా నెలలు పట్టింది. రెండు డిస్కుల్లోనూ పాటలు దాదాపుగా వచ్చిన వరసలోనే ఉన్నాయి. అంటే, అవే పన్నెండేళ్లు రెండుసార్లు గడుస్తాయి. మొదటిసారి బ్యాండు గాయకుడు ఎడ్డీ వెడర్ కోపానికి వయసొస్తుంది. రెండోసారి అతని దిగులుకి.

అప్ సైడ్‌లో మొదటి రెండు పాటలు, ‘వన్స్’, ‘అలైవ్’, పాతవే అయినా కొత్తగా వినిపిస్తాయి. 1991 నాటి తొలి ఆల్బమ్ ‘టెన్’లో ప్రతిధ్వని మరీ ఎక్కువ, బావిలోకి వంగి పాడినట్టుంటుంది. ఈ సంకలనం కోసం ప్రొడ్యూసర్ బ్రెండన్ ఓబ్రయన్ ఈ రెండింటినీ, డౌన్ సైడ్‌లోని ‘బ్లాక్’నీ మళ్లీ మిక్స్ చేశాడు. గొంతు బావిలోంచి పైకొచ్చి పక్క సీట్లో కూర్చుంది. 2009లో ఇతనే ‘టెన్’ మొత్తాన్నీ ఇలాగే మిక్స్ చేశాడు గాని, నాకు ఆ రుచి తెలిసింది ఇక్కడే.

‘అలైవ్’ వెనక రెండు చావులున్నాయి. పెర్ల్ జామ్ గిటారిస్టు స్టోన్ గోసార్డ్, బేస్ వాయించే జెఫ్ ఆమెంట్ అంతకుముందు ఉన్న బ్యాండు మదర్ లవ్ బోన్. దాని గాయకుడు ఆండ్రూ వుడ్ 1990 మార్చిలో హెరాయిన్ వల్ల పోయాడు. తర్వాత వీళ్లు మాటల్లేని బాణీలు కొన్ని టేపు చేస్తే, అది శాన్ డియాగోలో ఉన్న వెడర్ చేతికి చేరింది. అతను సముద్రంలో సర్ఫింగ్ చేసొచ్చి వాటికి మాటలు కట్టాడు. నాన్న అనుకున్న మనిషి నాన్న కాడని, అసలు తండ్రి అప్పటికే పోయాడని తెలుసుకున్న కుర్రాడి కథ ‘అలైవ్’. అది వెడర్ సొంత కథే. చాలా ఏళ్లు నేను దీన్ని హుషారు పాట అనుకునే విన్నాను. మైక్ మెక్‌క్రెడీ గిటారు అలా అనిపించేలా చేస్తుంది మరి.

సంకలనానికి పేరిచ్చిన పాట నా లెక్కలో ఈ డిస్కు మొత్తానికీ పెద్దది. ఒకడు కారెక్కి ఇల్లు వదిలి పోతుంటాడు, వదిలొచ్చినదంతా వెనక అద్దంలోనే అతనికి స్పష్టంగా కనబడుతుంది. పాట ముగిశాక డ్రమ్మర్ డేవ్ అబ్రూజీజ్ పుల్లలు విసిరేసిన చప్పుడు కూడా అలాగే ఉంచేశారు. ‘నాట్ ఫర్ యు’ వచ్చేసరికి కోపం సంగీత వ్యాపారం మీదికి మళ్లుతుంది. టికెట్లు అమ్మే కంపెనీ టికెట్‌మాస్టర్ వసూలు చేసే రుసుముల మీద 1994లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పిన బ్యాండు ఇది. ఆ కోపంలో నటన లేదు.

లోపాలూ ఉన్నాయి. 1998 నాటి ‘డూ ది ఎవల్యూషన్’ అవగానే అప్ సైడ్ ఒక్క గెంతులో 2002 నాటి ‘సేవ్ యు’ మీద వాలుతుంది. ‘గివెన్ టు ఫ్లై’ని డౌన్ సైడ్‌లో పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అది మెల్లగా మొదలై అలలా లేచే పాట. ‘రిలీజ్’ని అసలు వదిలేశారు. చనిపోయిన తండ్రిని పిలుస్తూ వెడర్ పాడిన పాట అది, దానికోసం ‘లాస్ట్ కిస్’ను పక్కన పెట్టినా నేను బాధపడేవాణ్ని కాదు.

2011లో మా నాన్న పోయారు. గుంటూరు వెళ్లి, కార్యక్రమాలన్నీ అయ్యాక తిరిగొచ్చాను. అప్ సైడ్ పెడితే రెండో పాట దాటలేకపోయాను. అప్పటినుంచి డౌన్ సైడే.

దాన్ని అంత వరసగా వినడం అదే మొదలు. ‘హూ యు ఆర్’లో ఎలక్ట్రిక్ సితార్ నాదం వస్తుంది, కవాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్‌తో కలిసి వెడర్ ఒక సినిమాకి పాడింది ఆ రోజుల్లోనే. పద్నాలుగో పాటకీ పదిహేనో పాటకీ మధ్య రాస్కిల్డే సంగీతోత్సవం ఉంది. 2000 జూన్ 30న డెన్మార్క్‌లో, వీళ్లు వేదిక మీద ఉండగానే జరిగిన తొక్కిసలాటలో తొమ్మిదిమంది చనిపోయారు. ‘లైట్ ఇయర్స్’ దానికి ముందుది, ‘ఐ యామ్ మైన్’ తర్వాతది. వెంటవెంటనే వింటే గొంతులో తేడా తెలిసిపోతుంది. రెండో పాటలో అతను ఎవరినీ నిలదీయడు.

పదహారోది ‘మ్యాన్ ఆఫ్ ది అవర్’. తండ్రీకొడుకుల కథ ‘బిగ్ ఫిష్’ సినిమాకోసం 2003లో చేసింది. అంతవరకూ దాన్ని చివర్లో సర్దిన పాట అనుకునేవాణ్ని. ఒక సాయంత్రం, సన్నటి ముసురులో, సియాటిల్‌కి వెళ్లే 520 రహదారి తేలుడు వంతెన మీద అది వచ్చింది. గిటారు మెల్లగా మీటుతూ, పోయిన తండ్రికి సెలవు చెబుతాడు వెడర్. కాని అది శాశ్వతంగా కాదు, ఇప్పటికి మాత్రమే అంటాడు. మనం వెళ్తున్నానని అనకుండా వెళ్లొస్తానంటామే, అది. నాన్న ఫోను పెట్టేసే ముందు ఎప్పుడూ “సరే, ఉంటానురా” అనేవారు. ఆఖరుసారీ అలాగే అన్నారు. వంతెన దాటగానే కారు పక్కకు తీసి ఆపాను.

దాని తర్వాత ‘యెల్లో లెడ్‌బెటర్’ ఒక్కటే వరస తప్పి, 1992 నుంచి వచ్చి, ఆఖర్న నిలబడుతుంది. కచేరీలు కూడా చాలాసార్లు దీంతోనే ముగిస్తారు. మాటలు సరిగా వినబడవు. తెలుగు రాని తమిళులు త్యాగరాజ కృతుల్ని కళ్లు మూసుకుని వింటారు కదా, నేనూ దీన్ని అలాగే వింటాను.

ఇప్పటి కారులో సీడీ ప్లేయర్ లేదు. ఇంట్లో చిన్న ప్లేయర్ ఉంది. డౌన్ సైడ్ మీద గీతలు పడి, పదమూడో పాట దగ్గర ఆగిపోతుంది, చేత్తో ముందుకు జరపాలి. పదహారోది మాత్రం ఇంకా శుభ్రంగా పలుకుతోంది.