టోరిక్ లెన్సా, మామూలు లెన్సు మీద కళ్లజోడా?

బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి శుక్లాల ఆపరేషనుకి (ఒడియా వాళ్ల మాటలో పరళకి) విశాఖకో భువనేశ్వర్‌కో బయల్దేరే ముందు చాలామంది అడిగేది ఒకటే: "సిలిండర్ పవరుందట, టోరిక్ వేస్తామంటున్నారు. అది లోపల తిరిగిపోతుందట గదా, డబ్బు దండగేనా?"

సిలిండర్ అంటే కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) ఒంపు అన్ని వైపులా ఒకేలా లేక వచ్చే పవరు. దాన్ని కంటి లోపలే సరిచేసేది టోరిక్ లెన్సు, అది ఏ కోణంలో కూర్చోవాలో అదే యాక్సిస్. తిరిగే మాట నిజమే. ఎంత, ఎప్పుడు అన్నదే చూసుకోవాలి.

గోడ గడియారంలో నిమిషాల ముల్లు ఒక్క నిమిషం జరిగితే 6 డిగ్రీలు. టోరిక్ లెన్సు యాక్సిస్ తప్పి అంత పక్కకి జరిగితే సిలిండర్‌లో సుమారు ఐదో వంతు మిగులుతుంది. 2.0 సిలిండర్ ఉన్నవారికి అది 0.4, చాలామందికి తెలియనే తెలియదు. రెండు నిమిషాలంత జరిగితే 0.8, అప్పుడు అక్షరం పక్కన నీడ పడుతుంది. ఐదు నిమిషాలంత, అంటే 30 డిగ్రీలు జరిగిందా, సిలిండర్ మొదట ఎంతుందో అంతా వెనక్కి వస్తుంది, యాక్సిస్ మాత్రం మారుతుంది.

ఇప్పటి లెన్సులు సగటున 5 డిగ్రీల లోపే జరుగుతాయి. ఆ సగటు దాటే కొద్దిమందిలో కూడా లెన్సు తిరిగేది దాదాపుగా మొదటి 24 గంటల్లోనే, అందులోనూ మొదటి గంటలోనే ఎక్కువ. ఆపరేషన్‌లో వాడే జెల్ లెన్సు వెనక మిగిలినా, కోత సరిగా మూసుకోక కంటి ఒత్తిడి పడిపోయినా, లెన్సు కూర్చునే సంచి మరీ పెద్దదైనా జారుతుంది. పెద్ద మైనస్ పవరున్న వాళ్లకి సంచి పెద్దదిగా ఉండే అవకాశం ఎక్కువ. రోజులు గడిచేకొద్దీ సంచి ముడుచుకుని లెన్సుని పట్టేస్తుంది. హైడ్రోఫోబిక్ (నీటిని పీల్చుకోని) అక్రిలిక్ లెన్సు సంచి పొరకి బాగా అతుక్కుంటుంది, ఎంచుకునే వీలుంటే నేను మొగ్గేది దానికే. పలక ఆకారం హైడ్రోఫిలిక్ (నీటిని పీల్చుకునే) లెన్సులూ పనికొస్తాయి.

డాక్టరు చెయ్యి కూడా లెక్కలోకి వస్తుంది. పడుకోగానే కనుగుడ్డు కొన్ని డిగ్రీలు మెలి తిరుగుతుంది కాబట్టి యాక్సిస్ గుర్తు మిమ్మల్ని కూర్చోబెట్టే పెట్టాలి. లెన్సుని 10–15 డిగ్రీలు ముందే ఆపి, జెల్ అంతా తీసేశాక చివరి జరుపు జరుపుతారు. చాలా లెన్సులు, వాటిని సంచిలో నిలిపే కొక్కేల తీరు వల్ల, గడియారం ముల్లు తిరిగే వైపే సులువుగా తిరుగుతాయి, గుర్తు దాటితే దాదాపు అరచుట్టు మళ్లీ తిప్పాలి.

అందుకే నా లెక్కలో తేల్చేది లెన్సు ధర కాదు, ఆ రాత్రి అక్కడ ఉండగలరా లేదా అన్నది. మర్నాడు కంటిపాప పెద్దది చేసి లెన్సు మీది చుక్కలు ఏ డిగ్రీలో ఉన్నాయో చూడాలి. బాగా తిరిగి ఉంటే మళ్లీ సరిచేసేది సాధారణంగా 1 నుంచి 3 వారాల మధ్య. మరీ ముందైతే మళ్లీ తిరగొచ్చు, ఆలస్యమైతే సంచి వదలదు. అప్పటిదాకా యాగ్ లేజర్ (మసకబారిన సంచి పొరకి రంధ్రం చేసేది) చేయించకండి. రెండోసారి రాలేని వాళ్లకి టోరిక్ వద్దనే చెబుతాను.

కార్నియా సిలిండర్ 1.25 దాటి, ఆ రాత్రి ఉండడం, రెండోసారి రావడం రెండూ కుదిరితే టోరిక్కే మేలు. దగ్గర చూపుకి అద్దాలు ఎలాగూ తప్పవు. ఎండలో పొలం పని చేసేవాళ్లకి తెల్లగుడ్డు మీద నుంచి నల్లగుడ్డు మీదికి పాకే కండ ఉంటే ముందు అది తీయించి, కార్నియా కుదురుకున్నాకే కొలతలు. దాని మీదే కొలిస్తే యాక్సిస్ మొదట్లోనే తప్పు. లెన్సు సంచిని పట్టి ఉంచే దారాలు బలహీనమన్నా టోరిక్ జోలికి పోవద్దు.

మామూలు మోనోఫోకల్ (ఒకే దూరానికి చూపు కుదిర్చే లెన్సు) ఎంత తిరిగినా చూపుకి తేడా రాదు, సిలిండర్ అద్దంలో ఉంటుంది. ఫ్రేము వంగితే ఊళ్లోనే సరిచేయించుకోవచ్చు. ఉచిత శిబిరాల్లో వేసేది మామూలుగా ఇదే. కార్నియా అంచున కోతలతో సిలిండర్ తగ్గించే పద్ధతి 1.0 లోపు వాళ్లకి సరే, మానేకొద్దీ ఫలితం కొంత తగ్గుతుంది.

టోరిక్ వేయించుకుంటే డిశ్చార్జి కాగితం మీద అనుకున్న యాక్సిస్, మర్నాడు కనిపించిన యాక్సిస్ రెండూ రాయించుకోండి, లెన్సు స్టిక్కరు దానికే అంటించమనండి. రేపు వేరే ఊరి డాక్టరు తిప్పాల్సి వస్తే ముందు అడిగేది అవే.