మా ఊరి లైబ్రరీ వేసవి శిబిరం: కార్డు తీయించకుండా పంపితే సగమే లాభం

ప్రతి ఏప్రిల్‌లో మా వీధిలో ఎవరో ఒకరు అడుగుతారు, "లైబ్రరీ శిబిరానికి పిల్లల్ని పంపొచ్చా అండీ, నిజంగా ఏమన్నా చెప్తారా?" అని. పంపండి అంటాను. పంపే రోజే పిల్లల పేరు మీద మెంబర్‌షిప్ కార్డు కూడా తీయించండి అని ఇంకో మాట చేరుస్తాను. మొదటి మాట వింటారు, రెండోది వదిలేస్తారు. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న టౌను. జిల్లా గ్రంథాలయ సంస్థ కింద నడిచే శాఖా గ్రంథాలయం ఒకటి ఉంది. బడులకు సెలవులిచ్చాక వేసవి విజ్ఞాన శిబిరం పేరుతో పిల్లల కార్యక్రమాలు మొదలై, జూన్ మొదటి వారం దాకా నడుస్తాయి. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ఇళ్లకు పంపేస్తారు. మా అమ్మాయి మూడో తరగతి పరీక్షలు రాసిన ఏడాది మొదటిసారి వెళ్లింది. ఇప్పుడు ఎనిమిదిలోకి వస్తోంది. మావాడు అక్క వెంట ఊరికే కూర్చోవడానికి వెళ్లడం మొదలుపెట్టి, ఈ ఏడాదికి సొంతంగా పేరు రాయించుకునే వయసుకొచ్చాడు.

ఫీజు లేదు. అలాగని ఉచితం అనడానికీ లేదు. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, అందులో గ్రంథాలయ పన్ను అని ఒక వరుస ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యే సెస్సు అది. ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు. లైబ్రరీ గడప తొక్కని వాళ్లు కూడా కడుతున్న డబ్బే. ఈ సంగతి తెలిశాక, అక్కడ ఏదన్నా అడగాలంటే నాకు మొహమాటం పోయింది.

కార్యక్రమాల కాగితం మాత్రం ఘనంగా ఉంటుంది. పుస్తక పఠనం, కథలు చెప్పడం, స్పోకెన్ ఇంగ్లీష్, డ్రాయింగ్, కాగితంతో బొమ్మలు, చదరంగం, క్యారమ్స్, యోగా, వేమన పద్యాలు. వీటిలో ఏది జరుగుతుందన్నది ఆ రోజు ఎవరొచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. డ్రాయింగ్ టీచర్ వస్తే డ్రాయింగ్, రాకపోతే క్యారమ్స్. చెప్పడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది డబ్బు ఆశించకుండా వచ్చేవాళ్లే కాబట్టి దీన్ని నేను తప్పుపట్టను. లైబ్రేరియన్ ఒకరు, అటెండరు ఒకరు ఉన్న చోట ఇంతకన్నా పక్కాగా నడపడం కష్టం.

స్పోకెన్ ఇంగ్లీష్ కోసమే పంపేవాళ్లకు మాత్రం ముందే చెప్పాలి. గదినిండా పిల్లల్ని కూర్చోబెట్టి "మై నేమ్ ఈజ్" దగ్గర మొదలుపెడతారు. ఏటా కొత్త పిల్లలు వస్తారు కాబట్టి ఏటా అదే మొదటి పాఠం. మా అమ్మాయి ఇన్ని వేసవుల్లో తన పేరు చెప్పడంలో ఆరితేరింది.

ప్రారంభం రోజు, ముగింపు రోజు లెక్కలోకి తీసుకోకండి. ఫ్లెక్సీ, దీపం, ఉపన్యాసాలు, బిస్కెట్ ప్యాకెట్, సర్టిఫికెట్. మిగతా రోజుల్లో కూడా పై ఆఫీసుకి ఫొటోలు పంపాలంటారు కాబట్టి "అందరూ పుస్తకాలు తెరిచి పట్టుకోండి" అనే ఘట్టం ఒకటి తప్పకుండా ఉంటుంది. మావాడు ఒకసారి పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. వాట్సాప్ గ్రూపులో పడింది ఆ ఫొటోనే.

ఇక బాగున్నదాని గురించి. మా శిబిరానికి రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు కథలు చదివి వినిపించడానికి వస్తారు. చెప్పడం కాదు, పుస్తకం చేతిలో పట్టుకుని చదవడం. బొమ్మ వచ్చినప్పుడు పుస్తకం తిప్పి, వెనక వరసకీ కనపడేలా అటూ ఇటూ నడుస్తారు. కథ అయ్యాక "ఇందులో నీతి ఏమిటి" అని అడగరు. ఆ ఒక్కదానికే ఆయనకి నా ఓటు. పెద్ద పిల్లల దగ్గర ఆయనకో ఎత్తు ఉంది. కాస్త పొడుగు కథ తీసుకుని, సరిగ్గా చిక్కు ముడిపడే చోట ఆపేసి, పుస్తకం బల్ల మీద పెట్టేస్తారు. "మిగతాది కావలసినవాళ్లు చదువుకోండిరా" అంటారు. ఇక ఆ పుస్తకం కోసం పెనుగులాట. కార్డు ఉన్నవాడు రాయించుకుని ఇంటికి పట్టుకుపోతాడు. లేనివాడు మర్నాడు పొద్దున వచ్చి వెతుక్కుంటాడు, అప్పటికి అది వేరే పిల్లాడి ఇంట్లో ఉంటుంది. కార్డు తీయించండి అని నేను పోరు పెట్టేది ఇందుకే.

ఒక ఏడాది వేటపాలెం తీసుకెళ్లారు. 1918లో పుట్టిన సారస్వత నికేతనం అనే గ్రంథాలయం ఉంది అక్కడ. వందేళ్ల కిందటి తెలుగు పత్రికలు దాచిన చోటు. నేను కూడా తోడు వెళ్లాను. పాత పత్రికల కట్టలు చూసి నాకు నోట మాట రాలేదు. పిల్లలు మాత్రం గాంధీగారి చేతికర్ర దగ్గర నుంచి కదల్లేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అంతా దాని గురించే చర్చ. అయినా అలాంటి ప్రయాణం ఏటా పెట్టాలి. మళ్లీ జరగలేదు, బస్సు ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర ఆగిపోయింది.

గొడవల సంగతి కూడా చెప్పాలి. మా లైబ్రరీలో పెద్ద హాలు ఒక్కటే. మామూలు రోజుల్లో దాన్ని వాడుకునేది రెండు రకాల వాళ్లే: పొద్దున్నే పేపర్లు చదవడానికి వచ్చే పెద్దాయనలు, డీఎస్సీకో గ్రూప్స్‌కో కానిస్టేబుల్ పరీక్షకో చదువుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు. రెండో రకం వాళ్లది చాలా కష్టం. ఇంట్లో చోటు ఉండదు, కోచింగ్‌కి డబ్బుండదు, టిఫిన్ డబ్బా తెచ్చుకుని ఇక్కడే కూర్చుంటారు. వేసవి రాగానే వాళ్ల నెత్తిన పిల్లల గుంపు వచ్చి పడుతుంది. ఒక ఏడాది నోటిఫికేషన్ వచ్చి పరీక్ష దగ్గర పడింది. వాళ్లలో ఒక అమ్మాయి లేచి, "మీ పిల్లలకి ఇది సెలవు, మాకు ఇది బతుకండీ" అంది. నేను అక్కడే ఉన్నాను, నా దగ్గర జవాబు లేదు. పిల్లల్ని నోరు మూసుకుని చదవమంటే శిబిరం ఎందుకు? వదిలేస్తే ఆ అమ్మాయి ఎక్కడికి పోవాలి?

లైబ్రేరియన్ గారు ఆ మర్నాడే పిల్లల్ని వెనక వరండాలోకి మార్చారు. వేపచెట్టు నీడ పడుతుంది, తొమ్మిదిన్నర దాకా పర్వాలేదు. చాపలు ఇళ్ల నుంచి మేమే పంపించాం. హాలు మళ్లీ చదువుకునేవాళ్లకి. నిజానికి వరండాలోనే పిల్లలకి బాగుంది. అరుచుకోవచ్చు, కాళ్లు చాపుకోవచ్చు. ఫ్యాను లేకపోవడమే లోటు. మంచినీళ్లకు కుండ పెడతారు. దాతలెవరన్నా దొరికిన రోజు మజ్జిగ ఇస్తారు. బాత్రూమ్ విషయం ఒక్కటే ఇప్పటికీ సరిపడలేదు. ఆడపిల్లలు ఇంటికొచ్చేదాకా ఆగడం అలవాటు చేసుకున్నారు, అది నాకు నచ్చని విషయాల్లో మొదటిది.

కొత్త పుస్తకాల సంగతికి వద్దాం. శాఖా గ్రంథాలయాలకు పుస్తకాలు కట్టలుగా వస్తాయి. కొన్ని జిల్లా గ్రంథాలయ సంస్థ కొనిపంపినవి, కొన్ని కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ సాయంతో వచ్చేవి. కట్ట విప్పితే పోటీ పరీక్షల పుస్తకాలు, ఆధ్యాత్మికం, వ్యక్తిత్వ వికాసం ఎక్కువ. పిల్లల పుస్తకాలు అడుగున ఉంటాయి. అందులోనూ సగం మహనీయుల జీవితచరిత్రలు. అవి వద్దని కాదు, కానీ రెండో తరగతి పిల్లాడు వరసగా ఎంతమంది మహనీయుల్ని చదవగలడు?

అసలు చిక్కు కట్ట వచ్చాక మొదలవుతుంది. ప్రతి పుస్తకాన్నీ రిజిస్టర్‌లో ఎక్కించి, యాక్సెషన్ నంబరు (రిజిస్టర్‌లో ఆ పుస్తకానికి పడే వరస నంబరు) వేసి, స్టాంపులు కొట్టాలి. అది పూర్తయ్యేదాకా పుస్తకం బయటికి రాదు. శిబిరం నడిపేదీ, ఎంట్రీ రాసేదీ ఒక్క మనిషే కావడంతో, మే నెలలో వచ్చిన కట్ట పిల్లలు బడికి వెళ్లిపోయాక జులైలో బీరువాలోకి చేరేది. కొత్త బొమ్మల పుస్తకాలు మూలన కట్టగా పడి ఉండటం, ఎదురుగా పిల్లలు చిరిగిన పుస్తకాలు చదవడం నేను కళ్లారా చూశాను. పుస్తకం పోతే లెక్క చెప్పాల్సింది తనే కాబట్టి లైబ్రేరియన్ గారి భయం లైబ్రేరియన్ గారిది. అయినా 1935లోనే గ్రంథాలయ ఉద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారి చొరవతో పడవలో పుస్తకాలు పెట్టి కాలువ ఒడ్డు ఊళ్లకి పంపిన ప్రాంతం ఇది. ఇక్కడ బీరువాకి తాళం అంటే ఒళ్లు మండుతుంది.

ఇంకో చిన్న విషయం, పెద్ద తేడా చేసింది. పిల్లల పుస్తకాలు పల్చగా, సెంటర్ పిన్నుతో ఉంటాయి. బీరువాలో నిలబెడితే వీపు మీద పేరు కనపడదు, లావు పుస్తకాల మధ్య ఇరుక్కుపోతాయి. అలా ఉన్నాయని ఎవరికీ తెలియదు. కొన్ని బడుల్లో చేస్తారే, అలా వరండాలో రెండు కిటికీల మధ్య దండెం కట్టి, క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీద్దామని డ్రాయింగ్ టీచర్ అన్నారు. అట్ట మీద బొమ్మ చూసి పిల్లలే లాక్కోవడం మొదలుపెట్టారు. ప్రథమ్ బుక్స్ వాళ్ల పుస్తకాల మీద ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయి అంకెలు ఉంటాయి. మావాడు ఒకటో స్థాయిలో మొదలుపెట్టి, అక్క దగ్గర పరువు కోసం మూడోది తీసి, బొమ్మలు చూసి మళ్లీ దండేనికి తగిలించేవాడు. తర్వాతి వేసవికి మూడోది నిజంగానే చదివాడు.

పిన్నులు ఊడతాయి, అది తప్పదు. లావు సూది, దారంతో కుట్టడం పెద్ద పిల్లలకి ఒక పనిగా పెట్టారు. స్పోకెన్ ఇంగ్లీష్ కన్నా ఇదే ఎక్కువ పనికొచ్చిందని నా అభిప్రాయం.

కట్టల్లో వచ్చేవాటితో సరిపెట్టుకోకుండా కొందరం జనవరిలో విజయవాడ పుస్తకాల పండగకి వెళ్లినప్పుడు తలా కొన్ని కొని ఇవ్వడం మొదలుపెట్టాం. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ల చిన్న పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి తక్కువ ధరలో దొరుకుతాయి. తూలిక వాళ్లవి తెలుగు, ఇంగ్లీషు ఒకే పేజీలో ఉంటాయి. ఇంగ్లీష్ మీడియం పిల్లలు ముందు వాటినే పట్టుకుంటారు, తెలుగు వరస దగ్గరకి మెల్లగా వస్తారు. కొనలేనివాళ్లకు స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. ప్రింట్ తీసుకుని పంచినా అభ్యంతరం చెప్పరు. మా జిరాక్స్ షాపాయన నలుపు తెలుపులో తీసిచ్చాడు, రంగులు పిల్లలే వేసుకున్నారు. మీరిచ్చే పుస్తకాలు కూడా రిజిస్టర్‌లో ఎక్కించమని గట్టిగా అడగండి. ఎక్కకపోతే అవి ఇష్యూకి రావు, తర్వాత ఎవరింట్లో తేలతాయో చెప్పలేం.

కార్డు తీయించడం పెద్ద పనేం కాదు. దరఖాస్తు, ఆధార్ జిరాక్సు, కొద్దిపాటి డిపాజిట్. సభ్యత్వం వద్దనుకున్నప్పుడు డిపాజిట్ తిరిగిస్తారు, రసీదు దాచుకోండి. "పిల్లలకి కార్డెందుకమ్మా, మీ కార్డు మీదే రాసిస్తాలే" అని మొదట నాకూ చెప్పారు. ఒప్పుకోకండి. మన కార్డు మీదైతే మనం వెళ్తేనే పుస్తకం. తన పేరున్న కార్డు జేబులో ఉంటే పిల్లాడు ఒక్కడే వెళ్తాడు, గడువు తేదీ కూడా తనే గుర్తు పెట్టుకుంటాడు. బడులు తెరిచాక ఆదివారం పొద్దున లైబ్రరీలో కనపడే పిల్లలు దాదాపు అందరూ కార్డున్నవాళ్లే. మిగతా పిల్లలకి సర్టిఫికెట్ ఉంది, ఫ్రేమ్ కట్టించుకున్నవాళ్లూ ఉన్నారు.

ఏ వయసుకి అంటే, రెండు నుంచి ఏడో తరగతి దాకా కళ్లు మూసుకుని పంపొచ్చు. అంతకన్నా చిన్నవాళ్లయితే ఎవరో ఒకరు తోడు కూర్చోవాలి. తొమ్మిది, పది వాళ్లకి శిబిరంలో తోచదు. వాళ్లని చిన్న పిల్లలకి చదివి వినిపించే పనికి పెట్టమని అడగండి, మా దగ్గర అది బాగా కుదిరింది.

ఈ ఏడాది కట్టలు ముందే వచ్చాయి. ఎంట్రీకి సాయం చేస్తామని మా అమ్మాయి, ఇంకో ఇద్దరు అడిగితే లైబ్రేరియన్ గారు ఒప్పుకున్నారు. రిజిస్టర్ ఆయనే రాస్తారు, స్టాంపులు వీళ్లు కొడతారు. ప్రతి పుస్తకంలోనూ ఒకే నంబరు పేజీ మీద ఎవరికీ తెలియకుండా ఇంకో స్టాంపు పడుతుందని మా అమ్మాయి అప్పుడే కనిపెట్టింది. ఆ పేజీ ఏదో నాకు కూడా చెప్పడం లేదు. సగం పుస్తకాలు ఇప్పటికే దండేనికి ఎక్కాయి. కార్డు కోసం వెళ్లేవాళ్లు శుక్రవారం తప్ప ఏ రోజైనా వెళ్లొచ్చు, ఆ రోజు సెలవు. తొమ్మిది లోపు వెళ్తే లైబ్రేరియన్ గారు కాస్త తీరిగ్గా దొరుకుతారు.