ముఖం ఒకటే, పనులు రెండు: మూడేళ్లు వాడిన 6×21 లేజర్ రేంజ్‌ఫైండర్

లేజర్‌తో దూరం కొలిచే ఈ మోనోక్యులర్ (ఒంటికంటి దుర్భిణి) ఎంత దూరం కొలుస్తుంది, బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది అనేవి డబ్బా మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి పోను. మూడేళ్ల తర్వాత కూడా దీన్ని కంటికి పెట్టుకున్న ప్రతిసారీ ముచ్చటేసేది లోపలున్న ప్రిజం. మనం చూసే దృశ్యమూ, కొట్టుకుని తిరిగొచ్చే లేజర్ వెలుగూ ఒకే ముందు లెన్సులోంచి వస్తాయి. అరచేతిలో ఇమిడే గొట్టంలో ఆ రెంటినీ విడదీసిన తీరు చాలా బాగుంది.

ఇందులోది తలకిందుల బొమ్మను నిలబెట్టే రెండు గాజు ముక్కల ష్మిట్-పెకాన్ ప్రిజం. దీనిలో వెలుగు ఆరుసార్లు తిరుగుతుంది. ఐదు చోట్ల ఏ పూతా లేకుండా గాజే దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పేస్తుంది. మొదటి ముక్కలో ఒక ముఖం మీద మాత్రం 22.5 డిగ్రీల కోణంలో పడుతుంది. గాజు తనంతట తానే వెలుగును పూర్తిగా తిప్పాలంటే అది సందిగ్ధ కోణం కన్నా ఎక్కువ వాలుగా పడాలి; బీకే7 రకం గాజుకు ఆ కోణం 41.2 డిగ్రీలు, బాక్4 రకానికి 39.6. అంటే ఆ ముఖానికి అద్దపు పూత తప్పదు. మామూలు బైనాక్యులర్లలో అక్కడ అల్యూమినియమో వెండో పూస్తారు. ఇందులో ఆ పూతనే డైక్రోయిక్‌గా వేశారు. కంటికి కనిపించే వెలుగును అది వెనక్కి తిప్పుతుంది, కంటికి కనిపించని 905 నానోమీటర్ల లేజర్‌ను అవతలికి వదిలేస్తుంది. అవతల అతికించిన చిన్న గాజు ముక్క ఆ వాలును సరిచేసి లేజర్‌ను డిటెక్టర్ మీదకు చేరుస్తుంది. ఎలాగూ పూత వేయాల్సిన ముఖమే కనుక వెలుగును విడదీసే క్యూబ్ విడిగా పెట్టక్కర్లేదు, గొట్టం పొడవు పెరగలేదు.

కోణం కూడా కలిసొచ్చింది. అదే పూతను 45 డిగ్రీల మీద వేస్తే వెలుగులోని రెండు ధ్రువణాలు (తరంగం ఊగే రెండు దిశలు) వేర్వేరు తరంగదైర్ఘ్యాల దగ్గర తెగుతాయి, చూపు అంచుల్లో రంగు మారుతుంది. 22.5 దగ్గర ఆ తేడా బాగా తక్కువ. లేజర్ డయోడ్ వేడెక్కితే దాని తరంగదైర్ఘ్యం డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.3 నానోమీటర్ చొప్పున జరుగుతుంది, ఎండకూ చలికీ మధ్య ఆ జరుగుడును తట్టుకోవాలన్నా పూతకు ఈ వెసులుబాటు అవసరం.

అంకెల కోసం ఎల్‌సీడీని దారికి అడ్డంగా పెట్టలేదు. పెట్టి ఉంటే దాని పోలరైజర్ (ఒక దిశలో ఊగే వెలుగునే వదిలే పొర) ఒక్కటే సగం వెలుగు మింగేసేది. ఇక్కడ ఎర్రటి ఓఎల్ఈడీ అంకెలు కంటి లెన్సు ముందున్న పలుచని ఫలకం మీద నుంచి కలుస్తాయి. పొద్దువాలాక చెట్టు మొదలును దాని వెనక పొద నుంచి విడిగా గుర్తుపట్టగలిగేది అందుకే.

అయితే ఆ ఫలకం ఎర్రటి అంకెలను కంటివైపు తిప్పడానికి దృశ్యంలోని ఎరుపులోంచి ఒక ముక్క కోసేస్తుంది. మొదటి నెలల్లో తెలియలేదు. ఒక కంటితో ఇందులోంచి, రెండో కంటితో నేరుగా ఒకే తెల్లకాగితాన్ని చూస్తే బయటపడుతుంది: ఇందులో కాగితం లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఎండుగడ్డి, ఎర్రమట్టి కాస్త చప్పగా కనిపిస్తాయి. రాత్రిపూట దూరపు దీపం మీద సన్నటి అడ్డగీత కూడా పడుతుంది. అది రూఫ్ అంచు గీత (రూఫ్ అంటే ప్రిజంలో ఇంటికప్పులా కలిసే రెండు ముఖాలు), ఈ తరహా ప్రిజంలో కొంత ఉండక మానదు.

అసలు ఇబ్బంది రెండో వేసవి తర్వాత మొదలైంది. గోడనో కొండవాలునో కొలిస్తే దూరం ముందులాగే సరిగ్గా వచ్చేది. లోపల కనిపించే గురి గుర్తును సన్నటి స్తంభం మీద పెడితే మాత్రం వెనకున్న చెట్ల దూరం చూపించేది. బ్యాటరీ మార్చినా, దగ్గరి వస్తువును ఎంచుకునే మోడ్ పెట్టినా అంతే. కొలవగలిగే గరిష్ఠ దూరం తగ్గలేదు కాబట్టి లేజర్ బలహీనపడలేదని అర్థం. ఇలాంటప్పుడు అనుమానించాల్సింది గురి.

గురిని పరీక్షించడం తేలికే. వెనక ఆకాశం తప్ప ఏమీ లేని, ఒక మీటరు వెడల్పున్న పలకను 100 మీటర్ల దూరంలో నిలబెట్టాలి. పరికరాన్ని ట్రైపాడ్ మీద బిగించి, ఆగకుండా కొలుస్తూ పోయే స్కాన్ మోడ్‌లో ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పాలి. అంకె ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది రాసుకోవాలి. తర్వాత నిలువునా అలాగే చేయాలి. ఇందులో గుర్తు పలక ఎడమ అంచుకు ఇంకా 30 సెంటీమీటర్లు బయట ఉండగానే దూరం వచ్చింది. కుడివైపు గుర్తు పలక లోపలే, అంచుకు 10 సెంటీమీటర్ల ముందే ఆగిపోయింది. లేజర్ మచ్చ వెడల్పు అక్కడ 20 సెంటీమీటర్లు, అంటే 2 మిల్లీరేడియన్లు (ఒక మిల్లీరేడియన్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు వచ్చే కోణం). లెక్క చూస్తే మచ్చ నడిబొడ్డు గుర్తుకు 20 సెంటీమీటర్లు కుడికి ఉంది. నిలువులో తేడా లేదు.

పక్కకు మాత్రమే ఎందుకు తప్పింది? ప్రిజం పక్కకు మాత్రమే జరిగింది కనుక. ఆ జరుగుడును పెంచింది రూఫ్. అది బొమ్మను కుడిఎడమలు తిప్పుతుంది కనుక ప్రిజం పక్కకు ఎంత జరిగితే బొమ్మ దానికి రెట్టింపు జరుగుతుంది. ముందు లెన్సు నాభ్యంతరం సుమారు 100 మిల్లీమీటర్లు, కాబట్టి 2 మిల్లీరేడియన్లంటే బొమ్మ దగ్గర 0.2 మిల్లీమీటర్. అంటే ప్రిజం జరిగింది 0.1 మిల్లీమీటర్, మామూలు ఏ4 కాగితం మందం. లేజర్ బయటికెళ్లే లెన్సు వేరు, అది కదల్లేదు. తిరిగొచ్చే లేజర్ రూఫ్ దాకా పోకుండా మొదటి ముక్కలోంచే బయటికి వెళ్లిపోతుంది, పక్కకు జరిగినా దానికి ఏ తేడా రాదు. దూరాలు సరిగ్గా వస్తూ గురి ఒక్కటే తప్పడానికి కారణం ఇదే.

విప్పించి చూస్తే ప్రిజంను చట్రంలో ఒక పక్కే రెండు జిగురు చుక్కలతో పట్టారు. ఎదురు పక్క నుంచి స్ప్రింగు రేకు నెడుతోంది. ఎండలో మూసిన కారులో వేడికి జిగురు మెత్తబడితే రేకు తోసేస్తుంది. రెండు పక్కలా జిగురు పెట్టి ఉంటే ఇది జరిగేది కాదు. ఇంత చక్కటి ప్రిజం చేసినవాళ్లు దాన్ని పట్టి ఉంచే చోట ఇలా పొదుపు చేయడం నాకు మింగుడుపడలేదు. ప్రిజంను వెనక్కి జరిపి, రెండు పక్కలా చుక్కలు పెట్టి, పలక మీద మళ్లీ గురి చూసి అమర్చారు.

ఇంట్లో విప్పొద్దు. డిటెక్టర్‌కు వంద వోల్టులు దాటిన విద్యుత్తు అందుతుంది. పైగా లోపల నింపిన పొడి నైట్రోజన్ పోతే రెండు ప్రిజం ముక్కల మధ్యనున్న వెంట్రుకంత సందులో తేమ చేరి మసక పడుతుంది, దాన్ని తుడిచే దారి లేదు. బాగు చేయించే దాకా గుర్తును స్తంభానికి 2 మిల్లీరేడియన్లు ఎడమకు పెట్టి కొలవచ్చు, 50 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు.

బాగు చేశాక పదకొండు నెలలైంది, 100 మీటర్ల దగ్గర తేడా మూడు సెంటీమీటర్లలోపే ఉంది. కాకపోతే ఈ పదకొండు నెలల్లో కారులో వదిలింది లేదు. నేను ఎక్కువగా కొలిచేది చెట్లు, గట్లు, గోడలు. ఆ పనికైతే మళ్లీ ఇదే తీసుకుంటాను. రోజంతా స్తంభాలూ తీగలూ కొలిచేవాళ్లకు మాత్రం ఆ ధైర్యంతో చెప్పలేను, వేసవికి ముందొకసారి తర్వాతొకసారి పలక పరీక్ష చేసుకునే ఓపిక ఉంటే తప్ప.