వాన నీళ్ల ఫిల్టర్, ఆరేళ్ల తర్వాత: పప్పు ఉడికింది గానీ మిద్దె తోటతో పేచీ వచ్చింది

మాది బెంగళూరు కేఆర్ పురం వైపు. 2019లో మిద్దె మీది వాన నీళ్లకి ఫిల్టర్ బిగించి, బోరు నీళ్లు కలవకుండా వేరే సంపుకి కలిపించాం. ఇక్కడ వాన నీళ్లు పట్టుకోవాలని 2009 నుంచే రూలుంది కాబట్టి ఎలా పెట్టిస్తారో అందరికీ తెలుసు, నేను చెప్పేది పప్పు గురించి. బోరు నీళ్లతో కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకులు పలుకులుగానే ఉండేది. వాన నీళ్లు కాచి పోస్తే నాలుగు విజిల్స్‌కే వెన్నలా అయిపోయింది, పప్పుగుత్తి ఊరికే తిప్పితే చాలు. సున్నం లేని నీళ్లు కదా, ఎంత సంతోషమేసిందో.

లాక్‌డౌన్‌లో మా అత్తమ్మ మిద్దె తోట మొదలుపెట్టింది, గోంగూర, బచ్చలి, నలభై గ్రో బ్యాగులు. కింద గది చల్లబడింది, అది నిజం. కానీ 2022 వానల్లో ఒక పొద్దున సంపు మూత తీస్తే నీళ్లు పలచటి డికాషన్ రంగులో ఉన్నాయి, ఎరువు వాసన. ప్లంబర్ ఫిల్టర్ మార్చాలన్నాడు, మార్చాం, రెండు వానలకి మళ్లీ అదే రంగు. ఇక ఆగలేక గొడుగేసుకుని వానలోనే మిద్దె మీద నిలబడ్డా. మొదటి మురికి నీళ్లు ఫస్ట్ ఫ్లష్ పైపులోకి (వాటిని సంపులోకి పోకుండా పక్కకి పట్టే పైపు) బాగానే పోయాయి, అప్పటిదాకా బ్యాగుల్లోంచి చుక్క కారలేదు, మట్టి తాగేస్తోంది. ఆ పైపు నిండి నీళ్లు సంపు వైపు మళ్లాక అప్పుడు మొదలైంది, బ్యాగుల అడుగు చిల్లుల్లోంచి గోధుమరంగు ధార. నీళ్లలో కరిగిపోయిన వర్మీకంపోస్ట్ రంగుని జాలీ ఎలా ఆపుతుంది చెప్పండి!

చివరికి మిద్దె మధ్యలో సిమెంటు గట్టు కట్టించాం, తోట వైపు నీళ్లు ఇంకుడు గుంతకి, ఖాళీ వైపువి సంపుకి. ఇప్పుడు రంగు లేదు, వాసనా లేదు. అయితే మాది వెయ్యి చదరపు అడుగుల మిద్దె, 10 మిల్లీమీటర్ల వానకి ముందు 800 లీటర్ల దాకా వచ్చేవి, ఇప్పుడు అందులో సగమే. ట్యాంకర్‌తో పనే లేదని మొదట్లో అందరికీ చెప్పాను, 2024 మార్చిలో సంపు అడుగంటితే మేమూ ట్యాంకర్ కోసం ఎదురుచూశాం.

మేం నలుగురమే, సొంతిల్లు, వారానికోసారి మిద్దె ఊడ్చే ఓపిక అత్తమ్మకుంది, అందుకే మాకు కుదిరింది. అపార్ట్‌మెంట్ వాళ్లకి పెట్టించుకోమనీ చెప్పలేను, వద్దనీ అనలేను. తోటా సంపూ రెండూ కావాలనుకుంటే మాత్రం బ్యాగులు కొనకముందే గట్టు కట్టించండి. మొన్నటి వాన నీళ్లు ఒక బిందెడు పక్కన పెట్టాం, పప్పుకి తప్ప ఇంక దేనికీ ముట్టుకోనివ్వట్లేదు అత్తమ్మ.