జర్నళ్ల ప్యాకేజీ కొనే వైద్య గ్రంథాలయాలకు హెచ్చరిక: పేర్ల జాబితా చూసి సంతకం చేయకండి

వైద్య కళాశాలలకు, ఆసుపత్రులకు జర్నళ్లు కొనే గ్రంథాలయాధికారులు వచ్చే ఏడాది చందా ఒప్పందం ఖరారు చేసే ముందు దయచేసి ఇది చదవండి. మాకు జరిగిన నష్టం మరొక గ్రంథాలయానికి జరగకూడదని రాస్తున్నాను.

ధరలు ఏటా పెరుగుతూ, బడ్జెట్ మాత్రం పెరగని పరిస్థితిలో మేముండగా ఒక విక్రయ సంస్థ ప్రతినిధి వచ్చి, మేము విడివిడిగా చందా కడుతున్న జర్నళ్లన్నీ తమ ప్యాకేజీలో ఉన్నాయని, అంతకంటే తక్కువ ఖర్చుకే మరెన్నో అదనంగా వస్తాయని చెప్పి పేర్ల జాబితా ఇచ్చారు. ఫుల్‌టెక్స్ట్ (వ్యాసం మొత్తం) ఉంటుందా అని అడిగితే ఉంటుందని రాతపూర్వకంగానే బదులిచ్చారు. ఆ మాట నమ్మి విడి చందాలను నిలిపివేశాము. కొత్త ఏడాది మొదలయ్యాక శస్త్రచికిత్స విభాగం పీజీ విద్యార్థి ఒకరు తాజా సంచికలోని వ్యాసం తెరవబోతే సారాంశం మాత్రమే వచ్చింది. దాని అడుగున, ఫుల్‌టెక్స్ట్ 12 నెలల తరువాత లభిస్తుందని సన్నని అక్షరాల్లో ఉంది. మా వైద్యులు ఎక్కువగా చదివే జర్నళ్లలో చాలావాటికి ఇదే పరిస్థితి.

దీనినే ఎంబార్గో అంటారు. తమకు నేరుగా వచ్చే చందాలు పడిపోకుండా ప్రచురణకర్తలే ఈ షరతు పెడతారు కనుక విక్రేత దానిని తొలగించలేరన్నది నిజమే. అయినా ఆ సంగతి తెలిసి కూడా చెప్పకుండా అమ్మడం అన్యాయం. చరిత్ర పరిశోధకునికి ఏడాది ఆలస్యం పెద్ద లెక్క కాకపోవచ్చు. మందు మోతాదు మారిందో లేదో చూసుకోవలసిన వైద్యునికి ఆ చివరి ఏడాదే ముఖ్యం.

కాబట్టి పేర్ల జాబితాతో సరిపెట్టుకోకుండా కేబార్ట్ (KBART, జర్నళ్ల జాబితాలను ఒకే తీరులో ఇచ్చే ప్రమాణం) ప్రకారం ఉన్న ఫైలును అడగండి. అందులో ఒక్కో జర్నల్‌కు ఏ సంచిక నుండి ఏ సంచిక వరకు ఉందో, ఫుల్‌టెక్స్టా, ఎంపిక చేసిన వ్యాసాలా, సారాంశాలేనా అన్నది ఉంటుంది. ఎంబార్గో గడిలో ‘పి12ఎం’ (P12M) అని కనిపిస్తే గత 12 నెలల సంచికలు రావని అర్థం. మీరు నిలిపివేయాలనుకుంటున్న ప్రతి జర్నల్‌కూ ఆ గడిని స్వయంగా చూడండి.

అంతకంటే బాధ కలిగించిన విషయం మరొకటి ఉంది. ప్యాకేజీ మానుకుంటామని చెప్పినప్పుడు, మేము డబ్బు కట్టిన సంవత్సరాల సంచికలు కూడా ఒప్పందం ముగిసిన రోజే మూసుకుపోతాయని తెలిపారు. ఇటువంటి ప్యాకేజీలు సాధారణంగా అద్దె పద్ధతిలోనే ఉంటాయి. ప్రచురణకర్త వద్ద నేరుగా కట్టే చందాలో శాశ్వత వినియోగ హక్కు చాలాసార్లు దొరుకుతుంది, కానీ అది కూడా ఒప్పందంలో రాసి ఉంటేనే. ఆ సంచికలు పోర్టికో, క్లాక్స్ వంటి భద్రపరిచే వ్యవస్థల్లో ఉన్నాయా అన్నది కూడా అడగండి.

ఒప్పందం పునరుద్ధరణ సమయంలో చూపించే వినియోగ లెక్కలతోనూ జాగ్రత్త అవసరం. 2019లో అమలులోకి వచ్చిన కౌంటర్ (COUNTER, ఆన్‌లైన్ వినియోగాన్ని లెక్కించే ప్రమాణం) 5వ విడత నివేదికల్లో ‘ఇన్వెస్టిగేషన్స్’ అన్న అంకెలో సారాంశం చూసినవారు కూడా కలుస్తారు; ‘రిక్వెస్ట్స్’ మాత్రమే ఫుల్‌టెక్స్ట్ తెరిచిన లెక్క. మాకు చూపించినది మొదటిది. అనుమతి లేక వెనుదిరిగిన ప్రయత్నాల నివేదిక తెప్పించుకున్నాక గానీ అసలు కొరత ఎంతో తేలలేదు.

ఏజెంటుకు ఏడాది సొమ్మంతా ముందుగా కట్టేవారు 2003లో రోకామ్, 2014లో స్వెట్స్ అనే చందా ఏజెన్సీలు దివాలా తీసినప్పుడు గ్రంథాలయాలు ఎంత ఇబ్బంది పడ్డాయో గుర్తుంచుకుని, సొమ్ము ప్రచురణకర్తకు చేరినట్లు రుజువు అడగాలి. ముందుగా నోటీసు ఇవ్వకపోతే ఒప్పందం దానంతటదే కొనసాగుతుందన్న షరతును, ఏటా ధర పెంపు పరిమితిని కూడా సంతకానికి ముందే తేల్చుకోండి.

మధ్యలో రద్దు చేస్తే సొమ్ము తిరిగి ఇవ్వరన్న షరతు కారణంగా మా ప్యాకేజీ ఏడాది చివరి వరకు కొనసాగక తప్పదు. శస్త్రచికిత్స, అనస్థీషియా జర్నళ్లకు మాత్రం పుస్తకాల పద్దు నుండి మళ్లించి మళ్లీ నేరుగా చందా కట్టాము.