స్కాట్లాండ్ యాత్రలో కిల్టా, మామూలు దుస్తులా?
స్కాట్లాండ్‌కు వెళ్లిన పర్యాటకుడు కిల్టు, అంటే అక్కడి మగవారు నడుముకు చుట్టుకునే మోకాళ్ల దాకా వచ్చే మడతల గళ్ల వస్త్రం, ధరిస్తే అక్కడివారు నొచ్చుకుంటారేమోనన్న సంకోచం సహజమే గాని, మన పెళ్లికి వచ్చిన విదేశీయుడు పంచె కట్టుకుంటే మనం మురిసిపోయినట్లే అక్కడా ఎక్కువమంది సంతోషిస్తారు. హైలాండ్ అనే ఉత్తర కొండ ప్రాంతానికి చెందిన ఈ వేషాన్ని స్కాట్లాండ్ పురుషులు ధరించరాదని 1746లో చట్టం చేశారు. 1782లో దానిని రద్దు చేశారు. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడిన్‌బరోలో కిల్టుతో దర్శనమిచ్చాక దాని ప్రతిష్ఠ మరింత పెరిగింది. ఒకప్పుడు ధరించినవారిని జైలుపాలు చేసిన వస్త్రం గనుక, దానిని వేళాకోళపు వేషంగా గాక శ్రద్ధగా కట్టుకోవాలని గట్టిగా కోరుతున్నాను. టార్టన్, అంటే స్కాట్లాండ్ వంశాలు తమ గుర్తుగా వాడుకునే గళ్ల నమూనా, ఎంపికకు చట్టపరమైన అడ్డంకి లేదు. ఏ వంశానికీ చెందనివారికి బ్లాక్ వాచ్ అనే ముదురు నీలం, ఆకుపచ్చ గళ్ల నమూనా చక్కగా సరిపోతుంది.

అయితే రోజంతా తిరగడానికి మామూలు ప్యాంటు, వాన కోటే మేలు. సంప్రదాయ కిల్టుకు సుమారు 8 గజాల ఉన్ని బట్ట పడుతుంది. అది వెచ్చగా ఉన్నా పెట్టెలో బరువవుతుంది, తడిస్తే త్వరగా ఆరదు. స్కై ద్వీపపు కొండదారుల్లో వేసవిలో ముసిరే మిడ్జ్ అనే సన్నని కుట్టుడు పురుగులకు కిల్టు కింద కనిపించే మోకాళ్లు సులువుగా దొరుకుతాయి. కిల్టు వేషంలో భాగంగా మేజోడులో దోపుకునే చిన్న కత్తిని విమానంలో చేతిసంచిలో తీసుకెళ్లనివ్వరు.

వివాహానికో, కేలీ అనే స్కాటిష్ జానపద వినోద సభలోని నృత్యాలకో పిలుపు వస్తే మాత్రం నేను నిస్సందేహంగా కిల్టు వైపే మొగ్గుతాను. ఎడిన్‌బరో, గ్లాస్గో దుకాణాల్లో పూర్తి వేషం అద్దెకు దొరుకుతుంది.